లేయ అన్న రెండక్షరాలు

మా అమ్మాయి ప్రశాంతికి పాప పుట్టిన మూడో రోజున మా అల్లుడు కిరణ్ ఫోను పట్టుకుని మంచం పక్కన కూర్చుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అమ్మాయి సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది ఊరి బయట పాల డెయిరీలో పని, పాలు నిల్వచేసే చల్లగదుల యంత్రాలు చూసుకుంటాడు. పురుడు చూసుకోవడానికని నేను విజిట్ వీసా మీద వచ్చాను. ఇది నాకు కొత్త ఊరేమీ కాదు. పెళ్ళికి ముందు ఇదే ఊళ్ళో ఒక ఇంట్లో నాలుగేళ్ళు పనిచేశాను. ఆ సంగతి మా వాళ్ళకి తెలుసుగాని, అడిగినప్పుడు ఒకటీ అరా చెప్పడమే తప్ప కూర్చోబెట్టి ఎప్పుడూ చెప్పలేదు.

"అత్తయ్యగారూ, ఇది వినండి," అన్నాడు అల్లుడు. "చిన్న పేరు. హీబ్రూ పేరంట. ఈ మధ్య అన్ని దేశాల్లోనూ తెగ పెడుతున్నారంట. లియా."

"అదే బాగుంది," అంది అమ్మాయి దిండుకి ఆనుకునే. "మా వార్డులో ఈ నెల్లోనే ముగ్గురు లియాలు. ఒకళ్ళు కేరళవాళ్ళు, ఒకళ్ళు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒకళ్ళు ఇక్కడి సౌదీవాళ్ళే. ఎవరికైనా నోరు తిరుగుతుంది."

పాప గుడ్డలు మడతపెడుతున్నదాన్ని ఆగాను. "అది నా పేరే గదే," అన్నాను.

"నీది లేయమ్మ కదమ్మా. ఇది వేరే," అంది. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అలా అనుకుంటోంది. తప్పు పట్టడానికేమీ లేదు. మా ఊళ్ళో ఆడపిల్ల పేరు ఏదైనా దాని చివర అమ్మ అని అతికించందే పిలవరు. అలా అతికించాక లేయమ్మ అన్నది పాతకాలపు పేరై కూర్చుంది. ఆ తోక తీసేసి, దీర్ఘం కాస్త అటూ ఇటూ చేసి, ఫోనులో గులాబీరంగు అక్షరాలతో వస్తే అది కొత్త పేరు.

అల్లుడు ఇంకా చదువుతున్నాడు. "అర్థం దగ్గరే తలో మాటా రాశారండి. ఒకచోట సుకుమారి అని ఉంది. ఇంకోచోట అలసిపోయినది అని. ఇంకో దాంట్లో," అని ఆగి నా వైపు చూసి, "ఆవు అని ఉందండి," అన్నాడు.

"ఆవైతే ఇంకా మంచిది. ఆవుల మీదే గదా మనం బతికేది," అని అమ్మాయి నవ్వబోయి, కుట్లు లాగడంతో ఊరుకుంది.

"ఆవు పర్లేదు. అలసిపోవడమే బాగోలేదు. పుట్టి మూడు రోజులు కాలేదు, అప్పుడే అలసిపోవడమేంటి? ఇంకోటి చూద్దాం," అని అతను వేలితో ఆ పేరుని పైకి తోసేశాడు.

యాభై ఏళ్ళకి పైగా ఆ పేరుతో బతికినదాన్ని అక్కడే కూర్చుని ఉన్నాను. అర్థం సంగతి నన్నడగాలని ఇద్దరికీ తోచలేదు. మడతపెట్టిన గుడ్డలే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

ఆ పేరు నాకు పెట్టింది మా నాన్న. ఆయన గోదావరి కాలువ మీద లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, కాలువ గట్టు తెగకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. లాకుల పక్కనే మాకు ప్రభుత్వం ఇచ్చిన రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటికి ఎప్పుడూ ఒకటే వాసన. నానిన చెక్క, నాచు, తలుపుల మరలకి పూసే నల్లటి గ్రీజు. మా అమ్మ ఎండురొయ్యలు వేయించినా, వంకాయ కూర ఉడకేసినా ఆ గ్రీజు వాసనని దాటి రావలసిందే. నాన్న తెల్లవారకుండానే లేచి, మోకాళ్ళ మీద కూర్చుని పైకి ప్రార్థన చేసుకునేవాడు. ప్రార్థనలో మా పేర్లన్నీ వరసగా వచ్చేవి, నాదే ముందు. పగలంతా అవతలి గట్టున ఉండేవాడు. అన్నం వేళకి నేను ఇవతల గట్టున కారియరు పట్టుకుని నిలబడితే, నీళ్ళ హోరు మీదుగా "లేయో" అని ఒక్క పిలుపు పిలిచేవాడు. లే దగ్గర చిన్నగా మొదలై యో దగ్గర చాలా దూరం వెళ్ళే పిలుపు అది. చేపలు పట్టుకునేవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

నాకు ఆ పేరంటే ఇష్టం ఉండేది కాదు. ఆదివారం బడిలో ఆ పేరు ఎక్కడిదో చెప్పేసరికి నాకు ఏడెనిమిదేళ్ళు. బైబిల్లోని ఆ పాతకాలపు కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లెలు అందగత్తె. లేయ పెద్దది, కళ్ళు బాగుండవు. చెల్లెల్ని ప్రేమించి ఏడేళ్ళు చాకిరీ చేసినవాడికి, వాళ్ళ నాన్న ముసుగేసి పెద్దదాన్ని అంటగడతాడు. తెల్లారాక వాడు చూసుకుని లబోదిబోమంటాడు. కథ చెప్పడం అయిపోగానే పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఎందుకంటే నా ఎడమకన్ను ఒక పక్కకి తిరిగి ఉంటుంది. నాకు పేరు పెట్టినప్పుడు అది ఎవరికీ తెలియదు. ఏడాది దాటాకగాని బయటపడలేదు. పేరు వల్లే కన్ను అలా అయిందని మా మేనత్త పోయేదాకా నమ్మింది. పేరుకి అర్థం అలసిపోయినది అని మా పాస్టరుగారు చెప్పారు. ఇంకోసారి వేరే ఊరినుంచి వచ్చిన ప్రసంగీకుడు, కాదు, ఆవు అని అర్థమని చెప్పాడు. కథలో అందరికీ కావలసిన చెల్లెలి పేరుకి గొర్రె అని అర్థమట. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే ఒకదానికి ఆవనీ ఇంకోదానికి గొర్రెనీ పేరు పెట్టుకున్న ఆ పశువుల కాపరుల్ని తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుందిగాని, అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు ఏడుచుకుంటూ లాకు దగ్గరికి వెళ్ళి, ఇంకే పేరూ దొరకలేదా అని నాన్నని అడిగాను. ఆయన మరకి గ్రీజు పట్టిస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే చెప్పాడు.

"ఆ కతలో అందరూ చూసింది చెల్లెల్నే. పెద్దదాన్ని ఎవుళ్ళూ చూళ్ళేదు. దేవుడొక్కడే చూసాడు. ఎవుళ్ళూ చూడనోళ్ళని ఆయన చూత్తాడని పెట్టేనే ఆ పేరు."

నాన్న మంచి మాటే చెప్పాడు. పదేళ్ళ పిల్లకి మాత్రం, నన్నెవరూ చూడరని ఈయన పుట్టగానే తేల్చేశాడు కాబోలు అనిపించింది.

ఆ తర్వాత నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నన్ను చూసుకోవడానికి పెళ్ళివాళ్ళు వచ్చారు. కాఫీలు తాగారు, నన్ను రెండు ప్రశ్నలు అడిగారు, వెళ్ళి నాలుగు రోజులాగి కబురు పెట్టారు. మా చెల్లెలు సుగుణనైతే చేసుకుంటామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. పెద్దదానికి కాకుండా చిన్నదానికి చెయ్యనని రెండు నెలలు మొండికేశాడు. చివరికి నేనే చెయ్యమన్నాను. సుగుణ ఏడ్చింది. నేను ఏడవలేదు. పెళ్ళిలో వడ్డన కూడా చేశాను. కాకపోతే ఆ ఇంట్లో, ఆ గ్రీజు వాసనలో, వచ్చేపోయేవాళ్ళ చూపుల మధ్య ఉండబుద్ధి కాలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడవాళ్ళు సౌదీకి ఇంటిపనికి వెళ్తున్న రోజులవి. భీమవరంలో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. అతను పాస్‌పోర్టులో వయసు పెంచి రాయించాడు, ఊరు తప్పు రాయించాడు, పేరు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాయించాడు.

నేను చేరిన ఇంట్లో యజమానిని బాబా అనీ, ఆయన భార్యని మామా నూరా అనీ పిలవాలని ముందే చెప్పారు. వాళ్ళకి అయిదుగురు పిల్లలు. బాబా వాళ్ళమ్మ కూడా అక్కడే ఉండేది. వెళ్ళిన సాయంత్రం అందరూ చుట్టూ నిలబడితే మామా నూరా నా పేరడిగింది. లేయ అని చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. రెండో పిల్ల దానాకి ఎనిమిదేళ్ళుంటాయి, కార్పెట్ మీద దొర్లింది. వాళ్ళ చెవికి అది లియ్యా అని వినపడిందట. లియ్యా అంటే గొర్రె తోక దగ్గర వేలాడే కొవ్వు. అక్కడి గొర్రెలకి అది ఇంతింత ఉంటుంది, కోసి కరిగించి వంటల్లో వాడతారు. మామా నూరా కూడా నవ్వాపుకుంటూ, ఈ ఇంట్లో నీ పేరు మరియం అంది.

నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. సముద్రం దాటగానే ఆ పేరు దానంతటదే ఊడిపోయింది. మరియం అంటే మంచి పేరు, మా వాళ్ళలోనూ ఉంది, వాళ్ళలోనూ ఉంది. ఎవరైనా వెనక్కి తిరిగి కంటికేసి చూసే పేరు కాదు. వారం తిరక్కుండానే మరియం అంటే చటుక్కున పలికేదాన్ని.

పని ఎక్కువే. తెల్లవారి నమాజు వేళకి లేస్తే పిల్లల బడి, గదులు, వంట, మళ్ళీ సాయంత్రం చుట్టాలు. యాలకులు దంచి వేసిన కాఫీ రోజుకి నాలుగైదు సార్లు కాచాలి. మన కాఫీలా కాదు, పాలుండవు, పసుపురంగులో పల్చగా ఉంటుంది. గురువారం సాయంత్రం ధూపం కుండ పట్టుకుని గదిగదికీ తిరగాలి. ఆ పొగ ఆడవాళ్ళు పైన వేసుకునే నల్ల అబాయాలకీ, దుప్పట్లకీ, నా జుట్టుకీ పట్టేసేది. ఇప్పటికీ ఇక్కడ లిఫ్టులో ఎవరైనా ఆ ధూపం వాసనతో ఎక్కితే నా చేతులు ఏదో పని వెతుక్కుంటాయి. డెయిరీ నుంచి పుల్లటి మజ్జిగ సీసాలు వచ్చేవి. మజ్జిగ తాగినప్పుడు మాత్రం మా అమ్మ గుర్తొచ్చేది.

ఇంట్లో నాకు మరియం అన్న పేరు ఒప్పుకోని మనిషి ఒక్కతే. బాబా వాళ్ళమ్మ. ఆవిడ పెద్దకొడుకు సాలిహ్ చిన్నప్పుడే పోయాడట, అయినా అందరూ ఆవిడని ఉమ్మ్ సాలిహ్ అనే పిలిచేవాళ్ళు, అంటే సాలిహ్ వాళ్ళమ్మ అని. కళ్ళలో పొరలు వచ్చి మనుషులు నీడల్లా కనపడేవాళ్ళు ఆవిడకి. నేల మీద పరుపు వేసుకుని గోడకి ఆనుకుని, పళ్ళపుల్ల నముల్తూ రేడియో వింటూ ఉండేది. రోజుకి అయిదుసార్లు కళ్ళలో మందుచుక్కలు వెయ్యడం నా పని. మొదటి వారంలో ఒకసారి చుక్కలు వేస్తుంటే నా మణికట్టు పట్టుకుని అడిగింది.

"మీ నాన్న పెట్టిన పేరేమిటి?"

నాకు వచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో, పిల్లలు నవ్వుతారు అన్నాను.

"పిల్లలు నవ్వుతారు, వాళ్ళ పనే అది. నువ్వు చెప్పు."

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నాలుక మీద పెట్టుకుని రుచి చూసినట్టు రెండుమూడు సార్లు అనుకుని, ఒత్తు లేకుండా సరిగ్గానే అంది. అర్థమేమిటని అడిగింది. ఆవు అని చెప్పడానికి సిగ్గేసి, అలసటకి తెలిసిన మాట తాబాన్ కాబట్టి అదే చెప్పాను. ఆవిడ ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "కుల్లనా తాబానీన్, యా బింతీ," అంది. అందరం అలసిపోయినవాళ్ళమేనమ్మా అని. ఆ రోజు నుంచీ ఆ గదిలో ఉన్నంతసేపూ నేను లేయని, గడప దాటితే మరియంని. రెంటికీ అలవాటు పడిపోయాను.

రెండో ఏడు వేసవిలో మా నాన్నకి జబ్బు చేసింది. నాకు తెలియదు. ఉత్తరం రావాలంటే మూడు వారాలు. అత్యవసరమైతే చెయ్యమని ఇక్కడి ఇంటి ఫోను నంబరు ముందే సుగుణకి రాసి పంపాను. ఇంట్లోంచి బయటికి ఫోను చెయ్యడానికి నాకు వీలులేదు, డయలుకి చిన్న తాళం ఉండేది. సుగుణ ఊళ్ళో టెలిఫోన్ బూతుకి వెళ్ళి నంబరు తిప్పింది. దానికి ఒక్క అరబీ ముక్క రాదు, ఇంగ్లీషూ అంతంతే. ఎవరో ఎత్తగానే "లేయ, లేయ" అంది. ఎత్తింది దానా. మధ్యాహ్నం పెద్దవాళ్ళు పడుకుంటారు, ఫోను ఎత్తేది పిల్లలే. "లియ్యానా? ఇక్కడ లేదు. కసాయి కొట్టుకి చేసుకో," అని అరబీలో చెప్పి, చివర ఇంగ్లీషులో నో లియ్యా, నో అని పెట్టేసి తోబుట్టువులకి చెప్పి నవ్వింది. మర్నాడు మళ్ళీ మోగింది, మళ్ళీ అదే. మూడోరోజు రెండుసార్లు. పిల్లలకి అదొక ఆటయింది. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. నవ్వులు వినపడుతున్నాయి. ఏదో పిల్లల గోల అనుకున్నాను.

నాలుగోరోజు ఆ ఆట సంగతి దానా నాయనమ్మకి చెప్పింది. ఎవరో హిందీ ఆవిడ, అంటే ఇండియా ఆవిడ, రోజూ ఫోన్‌చేసి గొర్రె కొవ్వు కావాలంటోందని. ఉమ్మ్ సాలిహ్ రేడియో కట్టేసింది. ఫోనులో మనిషి ఏమందో ఎలా అందో చెప్పించుకుని విని, గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి వచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ వంటింట్లోకి రావడం నేను చూడటం అదే మొదలు.

"లేయా, నీకు నాలుగు రోజుల్నుంచి ఫోను వస్తోంది," అంది.

తాళం చెవి బాబా దగ్గరుంది, ఆయన పనిలో ఉన్నాడు. అందుకని ఆవిడ ఫోను పక్కనే నేల మీద కూర్చుంది, నన్నూ కూర్చోమంది. ఎదురుగా పని ఉంది, మామా నూరా చూస్తే కోప్పడుతుంది, అయినా కూర్చున్నాను. ఎంతసేపయిందో తెలియదు. మోగగానే ఆవిడే రిసీవరు తడుముకుని తీసి నా చెవికి పెట్టింది.

"ఎన్నిసార్లు చేసేనే అక్కా," అంది సుగుణ. "నువ్వు అక్కడ లేవంటన్నారు. ఏ ఊరు పోయేవో, ఏమైపోయేవోనని ఏడిసి సత్తన్నాం. నాన్న పొద్దున్న పోయాడే."

అదే చెప్పుకుంటూ పోయింది. నిన్న మధ్యాహ్నం దాకా తెలివిలోనే ఉన్నాడట. నాతో మాట్లాడతానన్నాడట. రిక్షాలో కూర్చోబెట్టి బూతుకి తీసుకొచ్చారట కూడా. నేను లేనని చెప్పింది ఆయన చెవికే. ఆయన రిసీవరు సుగుణకి ఇచ్చేసి, నెంబరు తప్పేమో చూడమ్మా అన్నాడట. ఇంతలో డబ్బులు అయిపోయి ఫోను కట్టయింది.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి తోమడం ఆపిన గిన్నె తోమాను. బయల్దేరి వెళ్ళే ఆలోచన కూడా రాలేదు. కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన బాబా, సంతకం పెట్టాలి, వీసా కాగితాలు కావాలి, అప్పటికి మట్టి ఇచ్చేసి ఉంటారు. కాసేపటికి మామా నూరా నిద్రలేచి కాఫీకోసం "మరియం" అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. మొండితనం కాదు. చేతులు గిన్నె తోముతూనే ఉన్నాయి. మూడోసారి ఆవిడ కోపంగా వంటింటి గుమ్మంలోకి వచ్చి, చెవుడా నీకు అంది.

"మరియం మాఫీ," అన్నాను. మరియం లేదు అని. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అనా లేయ." నేను లేయని అని.

ఆవిడ చెయ్యెత్తింది. కొడుతుందో, బయటికి పొమ్మంటుందో తెలియలేదు. మర్నాడే ఏజెంటు ఆఫీసుకి పంపేసినా ఆశ్చర్యం లేదు, అంతకంటే చిన్న వాటికే పంపేశారు నాకు తెలిసిన ఆడవాళ్ళని. వెనకనుంచి ఉమ్మ్ సాలిహ్ కోడలిని పేరు పెట్టి పిలిచి, పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. ఏం చెప్పిందో అంతా నాకు అర్థం కాలేదు. తండ్రి అన్న మాట, దానా పేరు, ఫోను అన్న మాట అర్థమయ్యాయి. మామా నూరా తిరిగి రాలేదు. ఆ సాయంత్రం కాఫీ ఆవిడే కాచుకుంది.

మూడు రోజులు పని చెయ్యనివ్వలేదు నన్ను ఉమ్మ్ సాలిహ్. తండ్రి పోతే మూడు రోజులు కూర్చోవాలి, ఎవరైనా అంతే అంది. తన గదిలో తన పరుపు పక్కన నాకు పరుపు వేయించింది. పక్కింటి ముసలమ్మలు ఇద్దరు ఖర్జూరాలు పట్టుకుని వచ్చి, వాళ్ళలో చావు పరామర్శకి అనే మాటలు నాకు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. మా నాన్న ప్రార్థన చేసే తీరు వేరని వాళ్ళకి తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రెండోరోజు దానాని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టారు. ఏడ్చి ఏడ్చి దాని ముక్కు ఎర్రగా ఉంది. నన్ను క్షమించమని చెప్పమంటే చెప్పలేక, "నీ పేరు ఎలా అనాలి?" అంది. చెప్పాను. లే, యా. పది సార్లు అంది. పదోసారి సరిగ్గా వచ్చింది. నాకు ఆ పిల్ల మీద కోపం రావాలి. వచ్చింది కూడా, చాలా రోజులుంది. అయినా ఆ పూట దాని ముక్కు తుడిచాను.

మామా నూరా ఎప్పుడూ తప్పయిందని అనలేదు. నాలుగోరోజు పొద్దున్న మెట్ల మీంచి "లేయా" అని పిలిచింది. పిలిచేముందు కాస్త ఆగింది. తర్వాత రెండేళ్ళూ ఆ ఇంట్లో నేను లేయనే. చుట్టాల పిల్లలు నవ్వితే దానా వాళ్ళని గిల్లేది.

ఇదంతా పాపకి పేరు వెతుకుతున్న వారంలో, ఒక మధ్యాహ్నం అమ్మాయికి చెప్పాను. అల్లుడు కూడా డ్యూటీనుంచి వచ్చి బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని విన్నాడు. అంతా అయ్యాక అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "వద్దులేమ్మా ఆ పేరు. అంత బాధ ఉన్న పేరు దీనికెందుకు? ఏదైనా కొత్తది పెడదాం," అంది.

"బాధ పేరులో లేదే," అన్నాను. "ఆ పేరు తీసేసినందుకు వచ్చింది బాధ. తీసేస్తే సంతోషించాను చూడు, అది నా తప్పు."

"తాతయ్య పోవడం నీ తప్పెలా అవుద్ది?"

"పోవడం కాదు. మాటాడకుండా పోవడం."

అల్లుడు మెల్లిగా, "అలసిపోయినది అన్న అర్థం ఒక్కటే నాకు ఇబ్బందండి," అన్నాడు.

"అలసిపోయినదాన్ని దేవుడు చూస్తాడయ్యా. మా నాన్న చెప్పాడు," అన్నాను. పదేళ్ళప్పుడు నాకు నచ్చని మాట నా నోట్లోంచే వచ్చింది. పేరు నిలబెట్టాలని నేను వాదిస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. అమ్మాయి నన్ను అలా ఎప్పుడూ చూడలేదేమో, వింతగా చూసింది. తర్వాత అడిగింది.

"ఆ ముసలావిడ పేరేంటమ్మా? పాపకి రెండో పేరుగా అది పెడదాం."

ఉమ్మ్ సాలిహ్ అనబోయాను. అది పేరు కాదు. కొడుకు పేరుతో పిలిచే పిలుపు. ఆవిడ కొడుకు అమ్మా అనేవాడు, కోడలు ఖాలా అనేది, మనవలు జద్దా అనేవాళ్ళు. పక్కింటివాళ్ళకీ, రేడియో బాగుచేయడానికి వచ్చేవాడికీ ఉమ్మ్ సాలిహ్. వాళ్ళ నాన్న పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగిన ప్రశ్న, నాలుగేళ్ళలో రోజుకి అయిదుసార్లు ఆవిడ కళ్ళలో చుక్కలు వేస్తూ నేను తిరిగి అడగలేదు. ఆ శుక్రవారం అల్లుడు కారులో ఆ పేటకి తీసుకెళ్ళాడు. ఇల్లున్న చోట ఇప్పుడు వరసగా అపార్టుమెంట్లు, కింద మందుల షాపు. షాపులో సూడాన్ అతను ఓపిగ్గా విన్నాడు, ఆ ఇంటి మనుషుల్ని తనెరగనన్నాడు.

పాపకి లియా అనే రాయించారు, ఒక్క పేరే. ఇంగ్లీషులో మూడక్షరాలు, అరబీలో మూడు. నేను లేయా అని పిలిస్తే అమ్మాయి సరిదిద్దడం మానేసింది.

రెండు నెలలకి టీకా వేయించడానికి క్లినిక్కుకి వెళ్ళాం. అబాయాలు, చుడీదార్లు, ప్యాంట్లు, ఒళ్ళో తలో బిడ్డా. నా పక్కన ఒక సౌదీ అమ్మాయి కూర్చుంది, పాతికేళ్ళుంటాయి. నాకు అరబీ వచ్చని తెలిసి సంతోషంగా కబుర్లు మొదలుపెట్టింది. వాళ్ళమ్మ పాపకి తన పేరు మునీరా పెట్టమందట. పాత పేర్లు బరువని తనే ఫోనులో వెతికి లియా అని పెట్టుకుందట. వాళ్ళమ్మ వారం రోజులు మాట్లాడలేదట. ఇప్పుడు ఆవిడే పాపని కింద పెట్టనివ్వడం లేదట. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అని అడిగాను. టర్కీ పేరేమో అంది, అంత పట్టింపు లేకుండా. నేను సరిదిద్దలేదు.

ఇంతలో తలుపు తీసుకుని కేరళ నర్సు బయటికి వచ్చింది, చేతిలో కాగితం.

"లియా!" అని పిలిచింది.

ఆ సౌదీ అమ్మాయి లేచింది. కిటికీ దగ్గర ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి లేచింది. మా ప్రశాంతి పాపని భుజాన వేసుకుని లేచింది. నలుగురం నిలబడ్డాం, ఎందుకంటే నేనూ లేచాను. నర్సు నవ్వి, తండ్రి పేరు కూడా చదువుతానని కాగితం దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత నా ఖాళీ చేతులు చూసి, మీ పాప ఎక్కడ అంది. పాప వాళ్ళమ్మ దగ్గరుందని చెప్పాను. అయితే మీరు కూర్చోండి అంది.

కూర్చోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.